శంకర్ చేతిల కుంచె, నెహ్రూ చేతిల చెర్నకోల

సదాశివనగర్‌ల హైవే పొంటి ఏ చాయ్ హోటల్ కాడ చూసినా నలుగురు పోరగాండ్లు ఒక్క ఫోన్ మీదికి ఒంగి నవ్వుతుంటరు. లీడర్ ఫొటోకు సినిమా డైలాగ్ తగిలిచ్చుడు, మంత్రి మొఖం తీసి ఇంకోని పెయ్యికి అతికిచ్చుడు. పొద్దుగాల ఒగలు చేస్తె మాపటికల్లా మండలమంత తిరుగుతది. మీమ్ అంటున్నం దాన్ని. ఇదంత మన తరమే కొత్తగ కనిపెట్టినట్టు అనిపిస్తది. గని ఫోన్ లేని కాలంల, చేతిల ఒక కుంచె, ముంగట ఒక సిరా బుడ్డి పెట్టుకోని, ఇదే పనిని నలభై ఏండ్లకు పైన చేసి బతికిన మనిషి ఒకాయన ఉండె. పేరు కేశవ్ శంకర్ పిళ్లై. దేశమంత శంకర్ అనే పిలిచింది. మన దేశంల రాజకీయ కార్టూన్‌కు ఆయన్నే తండ్రి అంటరు.

ఆయన గురించి రెండు ముచ్చట్లు చెప్తరు. ఒకటి, దేశ ప్రధానే ఆయనకు నన్ను సుత వదలకు, గీయి అని చెప్పిండన్నది. రెండోది, ఆయన 1949ల గీసిన ఒక బొమ్మ 2012ల పార్లమెంటును ఆగం చేసిందన్నది. మొదటి ముచ్చట చెప్పేటోళ్లు రెండోదాన్ని దాటేస్తరు. రెండోది చెప్పేటోళ్లు మొదటిదాన్ని పక్కకు పెడ్తరు. నాకైతే రెండిటిని ఒక్క కాడ పెట్టి చూస్తెనే ఆ మనిషి పని ఏందో సమజైతది అనిపిస్తది.

మనోళ్లల్ల కార్టూనిస్టులు లేరా అని అడుగుతరేమో. ఎందుకు లేరు! తెలుగుల తొలి కార్టూనిస్టు అని తలిశెట్టి రామారావును చెప్పుకుంటం. ఆయన పుట్టిన మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినంగ జరుపుకుంటరు. కాకపోతె రామారావుకు బువ్వ పెట్టింది వకీలు పని. బొమ్మలు భారతి లాంటి పత్రికల్ల వచ్చినయి గని అదే నౌకరి కాదు. శంకర్ కథ వేరు. రోజూ బొమ్మ గీసుడే కొలువు, దాని మీదనే ఇల్లు గడుసుడు. ఆ బతుకుల ఉన్న సుఖం, చిక్కు రెండూ ఆయన దగ్గర కనవడ్తయి.

శంకర్ పుట్టింది 1902 జులై 31న, కేరళల కాయంకుళంల. అప్పట్ల అది తిరువాన్కూర్ సంస్థానం. తాత కాడ పెరిగిన రోజుల మీద పెద్దయినంక పిల్లల కోసం ఒక పుస్తకం రాసి, దానికి బొమ్మలు సుత తనే గీసుకున్నడు. బడిల చదివేటప్పుడు కుర్చీల కునుకు తీస్తున్న సారు బొమ్మ గీసిండని, అది చూసి హెడ్మాస్టర్ మండిపడ్డడని చెప్తరు. ఆయన మొదటి కార్టూన్ అదే అంటరు. మన బళ్లల్ల గిట్ల గీస్తె ఏమైతదో మీకు చెప్పేటి అక్కర లేదు. గని వాళ్ల ఇంట్ల పెద్దోళ్లల్ల ఒకాయన ఆ బొమ్మల తప్పును చూడలేదు, చెయ్యిని చూసిండు. పోరడు ఇందుల పైకొస్తడు అనుకున్నడు. అట్లాంటి పెద్దమనిషి ఒక్కడు ఇంట్ల ఉంటె ఎంత ఫరక్ పడ్తదో!

మావేలిక్కరల రవివర్మ పేరు మీదున్న బడిల బొమ్మలు వేసుడు నేర్సుకున్నడు. తిరువనంతపురంల సైన్స్ కాలేజీల చదివి 1927ల డిగ్రీ పట్టుకోని, వకీలు చదువు చదువుతా అని బొంబాయి పోయిండు. ఆ చదువు నడ్మనే ఇడిశిపెట్టి కొలువుల చేరిండు. పక్క పొంటి పత్రికలకు బొమ్మలు పంపుడు మొదలువెట్టిండు. ఫ్రీ ప్రెస్ జర్నల్, బాంబే క్రానికల్ అచ్చేసినయి. ఊరిడిసి పట్నం పోయి, ఒక కొలువు చేసుకుంట రాత్రిళ్లు ఇష్టమైన పని చేసుకునే పోరగాండ్లు మన దిక్కు ఇయ్యాల సుత మస్తు మంది ఉన్నరు. శంకర్‌ది మొదట్ల గదే బతుకు.

1932ల ఆయన దశ తిరిగింది. హిందుస్థాన్ టైమ్స్ ఎడిటర్ పోతన్ జోసెఫ్, ఆయన సుత మలయాళీయే, బొమ్మలు చూసి ఢిల్లీకి పిలిపించుకున్నడు. జీతం మీద, రోజువారీ కార్టూనిస్టుగ. ముప్ఫై ఏండ్ల మనిషి. అప్పటిసంది 1946 దాకా, పద్నాలుగేండ్లు, ఆ పత్రిక్కే గీసిండు.

రోజూ గీసుడంటె ఏందో కొంచెం ఆగి చూద్దాం. మనం మీమ్ చేస్తె ఫొటో ఇంకోడు తీసి పెట్టిందే ఉంటది, అక్షరాలు యాప్ వేస్తది. అప్పట్ల కార్టూనిస్టు పొద్దుగాల లేసి పత్రికలన్ని చదవాలె. ఇయ్యాల ఏ ముచ్చట పట్టుకోవాలె, అండ్ల ఎవలు ఎక్కడ దొరికిండ్రు, దాన్ని ఏ పోలికతోటి చెప్తె చదవరానోనికి సుత అర్థమైతది అని సోంచాయించాలె. ఆ పోలిక దొరుకుడే కష్టం. దొరికినంక పెన్సిల్‌తోటి గీసి, పైనుంచి నల్ల సిరాతోటి దిద్దాలె. ఆ బొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీద యాసిడ్‌తోటి చెక్కి, బ్లాకు తయారు చేసి, సీసపు అక్షరాల పక్కన బిగించి అచ్చు కొట్టేటోళ్లు. గీత మరీ సన్నగుంటె అచ్చుల పడది. మరీ దగ్గర దగ్గరుంటె సిరా నిండి నల్లగ ముద్దయితది. అందుకే ఆ కాలపు మంచి కార్టూన్ల ఒక్క గీత సుత వేస్ట్ ఉండది. ఇంకో సంగతి, సాయంత్రం ప్రెస్సు ఆగది. ఇయ్యాల మనసు బాగలేదు, రేపు గీస్త అంటె పత్రికల ఆ జాగ ఖాళీగ పోతది. తోచినప్పుడు గీసేటోనికి, తోచకపోయినా గీయాల్సినోనికి ఫరక్ అదే.

మొఖాన్ని గుర్తువట్టి గీసుడు సుత ఒక విద్య. ఉన్నదున్నట్టు గీస్తె అది ఫొటో. కార్టూనిస్టు ఆ మనిషిల ఒక్కదాన్ని, ముక్కునో, నుదురునో, నిలవడే తీరునో పట్టుకోని దాన్ని పెద్దది చేస్తడు. రెండు గీతలల్లనే ఎవలో తెలిసిపోవాలె. రోజూ చూసే జనానికి ఆ గీతలే ఆ మనిషి అయిపోతయి. ఇది యాదిల పెట్టుకోండ్రి, ముంగట దీనితోటి పని పడ్తది.

ఏలేటోళ్లు తెల్లదొరలు. శంకర్ వైస్రాయి విల్లింగ్డన్‌ను గీసిండు, ఆయన తర్వాత వచ్చిన లిన్‌లిత్‌గోను గీసిండు. చిత్రం ఏందంటె ఆ దొరలు సుత ఆయన బొమ్మల్ని మెచ్చుకున్నరని చెప్తరు. చాన మంది ఇది శంకర్ గొప్పతనం కింద రాస్తరు. నాకు మాత్రం ఇది విన్నప్పుడల్లా ఒక అనుమానం వస్తది. చేతిల ఫౌజు, జైలు, ఖజానా అన్నీ ఉన్నోడు తన మీద వేసిన బొమ్మను చూసి నవ్వితె వానికి పోయేది ఏముంది? నవ్విండంటె ఇంకింత పెద్ద మనసున్నోడు అన్న పేరే వస్తది. ఆ నవ్వు వానికి లాభమే.

ఆ నౌకరిల ఉండంగనే పద్నాలుగు నెలలు లండన్‌ల ఉండి, అక్కడి కళా పాఠశాలలల్ల చేరి పనిని సానవెట్టుకున్నడు. బెర్లిన్, రోమ్, వియన్నా, పారిస్ తిరిగిండు. ఆ తర్వాతి కాలంల గాంధీ ఆయనకు ఒక ఉత్తరం రాసిండు. జిన్నా మీద గీసిన బొమ్మ గాంధీకి నచ్చలే. బొమ్మగ మంచిగనే ఉంటది గని, గీసేటోనికి జరిగిన సంగతి ఖచ్చితంగ తెలిసి ఉండాలె, వెక్కిరింతల చవకతనం ఉండొద్దు, అది ఎదుటోన్ని కరవొద్దు అన్నది ఆ ఉత్తరం సారం. పత్రికేమో కాంగ్రెస్ దిక్కు మొగ్గే పత్రిక, బొమ్మేమో కాంగ్రెస్‌కు పడని లీడర్ మీద. అయినా తప్పు పట్టింది గాంధీ. కరవని కార్టూన్ కార్టూనేనా అని వాదించొచ్చు, నేనైతె వాదిస్త. గని సంగతి ఖచ్చితంగ తెలిసి గీయాలె అన్న మాటకు మాత్రం ఎదురు చెప్పలేం.

1946ల ఆ పత్రికను ఇడిశిపెట్టిండు. 1948 మేల సొంత పత్రిక పెట్టిండు, పేరు శంకర్స్ వీక్లీ. మన దిక్కు అప్పటికి ఇంకా నిజాం రాజ్యమే, పోలీస్ యాక్షన్‌కు ఇంక నాలుగు నెలలు ఉంది. రజాకార్ల భయంల మన ఊర్లు వణుకుతుంటె ఢిల్లీల ఒకాయన బొమ్మలతోటి నవ్వించేటి ఇంగ్లిష్ వారపత్రికను మొదలువెట్టిండన్నట్టు. ఆ పత్రికను విడుదల చేసింది ప్రధాని నెహ్రూ. నన్ను వదలకు అని శంకర్‌కు నెహ్రూ చెప్పిండన్న ముచ్చట ఈ సందర్భందే అంటరు.

శంకర్ వదలలే. నెహ్రూను ఎన్ని తీర్ల గీయొచ్చో అన్ని తీర్ల గీసిండు. కొత్త రాజ్యం కష్టాలు, పార్టీల కొట్లాటలు, విదేశీ యాత్రలు, దేనికీ మినహాయింపు లేదు. ఒకసారి పరదేశ యాత్రకు పోయే ముంగట వచ్చిన బొమ్మ నెహ్రూకు కష్టం అనిపించిందని సుత చెప్తరు. అయినా సోపతి తెగలే, పత్రికకు ఆటంకం రాలే. ఒక్క నెహ్రూ మీదున్న బొమ్మలల్ల ఏరి తీస్తెనే నాలుగు వందల దాకా ఒక పుస్తకం నిండ అయినయి.

ఆఖరికి గీసిన వాటిల్ల ఒకటి 1964 మే 17ది. చిక్కి శల్యమైన నెహ్రూ, చేతిల కాగడా, పరుగు పందెం చివరి గజాలల్ల రొప్పుకుంట ఉరుకుతుంటడు. ఎనుక నందా, లాల్ బహదూర్ శాస్త్రి, మొరార్జీ, కృష్ణ మీనన్, ఇందిరా గాంధీ. ఆ కాగడా ఎవలు అందుకుంటరన్నది బొమ్మల ప్రశ్న. సరిగ్గ పది రోజులకు, మే 27న, నెహ్రూ పోయిండు. అట్లాంటి బొమ్మ గీయాలంటె ఒక్క నవ్వించుడు వస్తె సాలదు. మనిషిని పదిహేను, ఇరవై ఏండ్లు రోజూ చూసి ఉండాలె. అండ్ల వెక్కిరింత ఉన్నది, కడుపుల ఏదో దేవినట్టయ్యే బాధ సుత ఉన్నది. శంకర్ పనితనం అంటె నేను చూపెట్టేది ఈ బొమ్మనే.

ఇగ రెండో ముచ్చటకు వద్దాం. పదిహేనేండ్లు ఎనుకకు పోవాలె.

1949 ఆగస్టు 28 నాటి సంచిక. రాజ్యాంగం ఇంకా తయారు కాలే, ఆలస్యమైతున్నదని అందరు గునుస్తున్న రోజులు. శంకర్ ఒక నత్తను గీసిండు, దాని మీద రాజ్యాంగం అని రాసిండు. నత్త మీద అంబేడ్కర్ కూసున్నడు, కళ్లెం పట్టుకోని, చేతిల చెర్నకోలతోటి అదిలిస్తున్నడు. ఎనుక నెహ్రూ నిలవడి చెర్నకోల ఎత్తిండు. జనం గుంపు చూస్తున్నది. గింతే బొమ్మ.

ఆ బొమ్మ యాభై ఏండ్లకు పైన ఎవలికీ పట్టలే. 2006ల ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రాజనీతి శాస్త్రం పుస్తకంల దాన్ని పెట్టిండ్రు. రాజ్యాంగం అంత నెమ్మదిగ ఎందుకు తయారైందో పిల్లలు మాట్లాడుకోవాలె అన్నది వాళ్ల ఉద్దేశం. 2012 మేల లొల్లి లేసింది. పార్లమెంటు దద్దరిల్లింది. అంబేడ్కర్‌ను చెర్నకోలతోటి కొట్టబోయే బొమ్మను పిల్లల పుస్తకంల పెడ్తరా అని ఎంపీలు నిలదీసిండ్రు. సర్కారు బొమ్మను తీసేస్తం అన్నది. పుస్తకానికి సలహాదార్లుగ ఉన్న యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేసిండ్రు. పుణెల పల్షీకర్ ఆఫీసు మీద దాడి సుత జరిగింది.

దేశం రెండు పక్షాలైంది. ఒక పక్షం అన్నది, చెర్నకోల నత్త మీదికే గని అంబేడ్కర్ మీదికి కాదు, కార్టూన్ చూసి నవ్వే ఓపిక లేకపోతె ప్రజాస్వామ్యం ఎట్ల అని. ఇంకో పక్షం అన్నది, అంటరానితనం మీద కొట్లాడిన మనిషి ఎనుక ఒక బ్రాహ్మణ లీడర్ చెర్నకోల ఎత్తితె అది మీకు ఆట, మాకు కాదు అని.

నేను ఏ పక్షమో చెప్త. దాడి చేసుడు తప్పు, అండ్ల రెండో మాట లేదు. పుస్తకం నుంచి తీసేసుడుకంటె పక్కన నాలుగు మాటలు ఎక్కువ రాస్తె బాగుండె అంట. గని నవ్వే ఓపిక లేదా అన్న ప్రశ్న అడిగేటోళ్లు చెర్నకోల దెబ్బ తినని ఇండ్లల్ల పుట్టినోళ్లు. మన దిక్కు చెర్నకోల అంటె ఏందో మన తాతలకు ఎర్క. ఎడ్ల మీద ఆడేటి చెర్నకోలనే గడీ ముంగట మనుషుల పెయ్యి మీద సుత ఆడింది. వెట్టికి పోనన్నోని ఈపు మీద వాతలు తేలినయి. ఆ ఈపులు మోసిన ఇంటి పోరడు, పోరి, పుస్తకం తెరిచి అంబేడ్కర్ ఎనుక చెర్నకోల చూస్తె వాళ్లకు ముందుగాల నత్త కనవడదు. బొమ్మ గీసినోడు ఏమనుకున్నడన్నది ఒక్కటే బొమ్మకు అర్థం కాదు. చూసేటోడు ఎక్కడ నిలవడి చూస్తున్నడన్నది సుత అర్థమే.

ఇంక గాంధీ ఉత్తరం సంగతి. జరిగిన సంగతి ఖచ్చితంగ తెలిసి గీయాలె అన్నడు గదా. రాజ్యాంగం ముసాయిదా కమిటీ 1947 ఆగస్టు 29న ఏర్పడ్డది. ఏడుగురు మెంబర్లు. అందుల ఒకాయన రాజీనామా చేసిండు, ఒకాయన పోయిండు, ఒకాయన అమెరికాల ఉన్నడు, ఇంకొకాయన సంస్థానం పనులల్ల మునిగిండు, మిగిలినోళ్లల్ల సుత కొందరు ఢిల్లీకి దూరం. ఆఖరికి భారమంత అంబేడ్కర్ మీదనే పడ్డదని 1948 నవంబర్‌ల టి.టి. కృష్ణమాచారి సభల నిలవడి చెప్పిండు. అంటె ఈ బొమ్మ రాకముందు తొమ్మిది నెలలకే అది అందరికీ తెలిసిన ముచ్చట. సవరణలు 7,635 వచ్చినయి. అందుల 2,473 సభల చర్చకు వచ్చినయి. అప్పటికి అంబేడ్కర్ పానం సుత బాగ లేదు. 1949 నవంబర్ 25న చివరి ప్రసంగంల ఆయన ఈ ఆలస్యం నిందకు జవాబు చెప్పిండు. అమెరికాకు ఎన్ని నెలలు పట్టింది, కెనడాకు ఎన్నేండ్లు, ఆస్ట్రేలియాకు ఎన్నేండ్లు అని లెక్కలు ముంగట పెట్టి, వాళ్ల రాజ్యాంగాలకు మన దానంత పొడుగు లేదు, ఇన్ని సవరణలు లేవు అని చూపెట్టిండు. నత్త ఎవలి వల్ల నెమ్మదిగ నడిచిందో, అసలు నెమ్మదిగనే నడిచిందా అన్నది ఆ లెక్కలల్ల ఉన్నది. శంకర్ బొమ్మల అది లేదు.

ఆ ఒక్క బొమ్మ పొరపాటున పడ్డది అనుకుందామా? అట్ల అనుకునే వీలు లేకుండ చేసింది మన తెలుగాయన, విజయవాడ దిక్కు ఉన్నమతి శ్యామసుందర్. ఆయన సుత కార్టూనిస్టే. 2012 లొల్లి తర్వాత పాత ఇంగ్లిష్ పత్రికలల్ల వడి, 1932 నుంచి 1948 దాకా అంబేడ్కర్ మీద వచ్చిన కార్టూన్లను నూరుకు పైన ఏరి, ఒక్కో బొమ్మ కింద అప్పుడు అసలు ఏం జరిగిందో రాసి 2019ల పుస్తకం తెచ్చిండు. అందుల శంకర్ బొమ్మలు మస్తుగ ఉన్నయి. ఒక్కటొక్కటిగ చూస్తె నవ్వులాట లెక్కనే ఉంటది. వరుస పెట్టి చూస్తె వేరే తీరు కనవడ్తది. అంబేడ్కర్ మరుగుజ్జు లెక్క ఉంటడు, పోరని లెక్క ఉంటడు, మారాం చేసేటోని లెక్క, అడ్డం పడేటోని లెక్క ఉంటడు. రెండు గీతలే జనానికి ఆ మనిషి అయిపోతయని పైన చెప్పిన గదా. పత్రిక చదివేటోళ్లకు రోజూ ఆ మరుగుజ్జే అంబేడ్కర్ అయిండు. శంకర్ ఢిల్లీల కొలువుకు చేరిన 1932నే పూనా ఒప్పందం జరిగిన యేడు. పత్రిక ఎవలిది, గీసేటోడు ఏ ఇంట్లకెళ్లి వచ్చిండు, నవ్వేటోళ్లు ఎవలు అని అడిగితె జవాబు తెలిసిపోతనే ఉంది. దళితుల దిక్కు నిలవడి గీసేటి చెయ్యి ఆ పత్రికలల్ల ఒక్కటి సుత లేకపాయె.

నెహ్రూ మీద వేసిన బొమ్మలు నెహ్రూను చిన్న చేయలే, చూసినోళ్లకు ఆయన ఓపికనే పెద్దగ కనవడ్డది. అంబేడ్కర్‌కు ఆ వెసులుబాటు లేకుండె. గద్దె మీదున్నోని మీద గీసిన గీత, గద్దె దాకా రానియ్యనోని మీద గీసిన గీత, కాగితం మీద ఒక్క తీరుగనే ఉంటయి. తగిలేటప్పుడు ఒక్క తీరుగ తగలవు. శంకర్ కుంచె మొదటి పనిల నిఖార్సైనది. రెండో పనిల తన కాలం, తన కులం, తన పత్రిక దాటి పోలేకపోయింది.

ఇట్ల అన్నంత మాత్రాన ఆయన చేసింది తక్కువ కాదు. శంకర్స్ వీక్లీ ఇరవై ఏడేండ్లు నడిచింది. అదొక బడి. కుట్టి, అబూ అబ్రహాం, ఓ.వి. విజయన్, యేసుదాసన్ లాంటోళ్లు శంకర్ నీడల చెయ్యి తిప్పుకున్నోళ్లే. దేశంల కార్టూనిస్టులంటె మలయాళీలే అన్న పేరు అందుకే వచ్చింది. ఒక్కడు దారి వేస్తె, ఆ ఊరి దిక్కుకెళ్లి పది మంది నడుస్తరు.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికలల్ల ఏది అచ్చు కావాలెనో సర్కారు ఆఫీసరు చూసి చెప్పేటి రోజులు. ఆగస్టు 31న శంకర్స్ వీక్లీ చివరి సంచిక వచ్చింది. నియంతలకు నవ్వు గిట్టదని, హిట్లర్ ఏలిన అన్నేండ్లల్ల అక్కడ మంచి హాస్యం పుట్టలేదని ఆ వీడ్కోలు సంపాదకీయంల రాసిండు. మరుసటి యేడే అదే సర్కారు ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది! పత్రిక మూతవడ్డంక పతకం. ఢిల్లీ తమాషాలు గిట్లనే ఉంటయి. అన్నట్టు, గురువు పత్రిక పోయిన మూడు నెలలకు శిష్యుడు అబూ ఒక బొమ్మ గీసిండు. రాష్ట్రపతి స్నానాల తొట్టిల ఉండంగనే ఆర్డినెన్సుల మీద సంతకాలు పెడ్తున్నట్టు. 1975 డిసెంబర్‌ల ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌ల అచ్చయింది. ఎమర్జెన్సీ అంటె ఇప్పటికీ అందరు చూపెట్టేది ఆ బొమ్మనే.

శంకర్ చేసిన ఇంకో పని మాత్రం మన దాకా నేరుగ వస్తది. రాజకీయ బొమ్మలు గీసుకుంటనే 1949ల, అంటె ఆ నత్త బొమ్మ గీసిన యేడే, పిల్లలకు బొమ్మల పోటీ పెట్టిండు. మరుసటేడుకే వేరే దేశాల పిల్లలు సుత పంపుడు మొదలువెట్టిండ్రు. 1957ల చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ పెట్టిండు. పిల్లలకు మంచి కాగితం మీద, రంగుల బొమ్మలతోటి, అగ్గువ ధరకు పుస్తకాలు ఇయ్యాలె అన్నది లెక్క. హంగేరీ రాయబారి పిల్లల పోటీ కోసం ఒక బొమ్మను బహుమతిగ ఇస్తె, దాంతోటి శంకర్‌కు బొమ్మలు జమ చేసే పిచ్చి పట్టింది. ఏ దేశం పోయినా అక్కడి బట్ట, అక్కడి నగ వేసిన బొమ్మను తెచ్చేటోడు. 1965 నవంబర్ 30న ఢిల్లీల బొమ్మల మ్యూజియం తెరిచిండు. ఇయ్యాల అండ్ల వేల బొమ్మలున్నయి. ఢిల్లీ పోయినోళ్లు ఎర్రకోట చూసి ఒస్తరు. బహదూర్ షా జఫర్ మార్గ్‌ల ఉన్న ఆ నెహ్రూ హౌస్ సుత చూసి రావాలె.

పోలండ్ పిల్లలు ఏరి ఇచ్చే చిరునవ్వు పతకం 1977ల ఆయనకు వచ్చింది. ఆయనకు వచ్చిన వాటిల్ల అన్నిటికంటె తగినది ఇదే అని నాకు అనిపిస్తది.

ఆ పోటీల ఒక మంచి ఉన్నది. కాగితం మీద పిల్ల గీసిందే చూస్తరు. ఇంగ్లిష్ వస్తదా, ఏ బడి, ఎవలి బిడ్డ అన్న లెక్క బొమ్మల కనవడదు. వీక్లీకేమో ఇంగ్లిష్ రావాలె, ఢిల్లీ రాజకీయం తెలవాలె. అటు దిక్కు గీసిన చెయ్యికి తలుపులు ఎన్ని మూసి ఉండెనో, ఇటు దిక్కు అదే చెయ్యి అన్ని తలుపులు తెరిచింది. మన మండలంల సర్కారు బళ్లల్ల డ్రాయింగ్ నేర్పే సారు ఉన్న బడి ఏదన్న ఉందా అని మీరే ఒకపారి లెక్కవెట్టుండ్రి. బోర్డు మీద మ్యాపు, సైన్స్ రికార్డుల పువ్వు బొమ్మ, జనవరి 26కు జెండా, అంతటితోటి చాన మంది చెయ్యి ఆగిపోతది. పదో తరగతి దాటినంక పెన్సిల్ పట్టేటోడు వెయ్యిల ఒకడు.

శంకర్ 1989 డిసెంబర్ 26న పోయిండు. పుట్టిన కాయంకుళం దగ్గర కృష్ణపురంల ఆయన పేరు మీద కార్టూన్ మ్యూజియం కట్టిండ్రు. పిల్లల పోటీ ఆయన పోయినంక సుత నడిచింది. ఊర్లకెళ్లి పోస్టుల పంపిన బొమ్మలు ఢిల్లీల నెహ్రూ హౌస్‌కు చేరుకుంట వచ్చినయి.